గుంజే ఇంజిన్

జంటరెక్కల విమానానికి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ పెడతానని నేను చెప్పినప్పుడు హైదరాబాద్ క్లబ్బులో ఉన్న నలుగురూ నవ్వారు. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది.

బీఎడ్ చదివేటప్పుడు, ఆ మరుసటి ఏడు కూడా ఆదివారాలు ఆ క్లబ్బుకు పోయేదాన్ని. రేడియో కంట్రోల్‌తో చిన్న విమానాలు ఎగరేసేవాళ్ల క్లబ్బు అది. డిగ్రీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నప్పుడు పట్టుకున్న పిచ్చి నన్ను అక్కడికి లాక్కుపోయింది. అక్కడ ఆడమనిషిని నేనొక్కదాన్నే. కొత్తగా నేర్చుకునేవాళ్లు వాడే ఒంటిరెక్క ట్రైనర్‌తో మొదలుపెట్టి, దాన్ని విరగ్గొట్టకుండా దించడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. తర్వాత ఆర్మూర్ హైస్కూల్లో సైన్స్ టీచర్ ఉద్యోగం వచ్చింది. పెళ్లి కూడా ఆ ఊళ్లోనే అయింది. తొంభైల మొదట్లో సంగతి.

అత్తగారింటికి వచ్చిన నా సామానులో ఒక పొడుగాటి అట్టపెట్టె నిండా ఈ విమానాలు చేయడానికి వాడే తేలికైన బాల్సా కర్ర ఉండేది. పసుపు బస్తాలు పెట్టే వెనక గదిలో ఒక మూల నాకు ఇచ్చారు. అక్కడ కూర్చొని, బడి లేని పూటల్లో, ఏడాది పాటు బయ్‌ప్లేన్ చేశాను. ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు, మధ్యలో నిలువు కర్రలు, వాటిని బిగించి పట్టుకునే సన్నని తీగలు. ఆ కొస నుంచి ఈ కొసకు నాలుగడుగులు. ఇంటికొచ్చిన చుట్టాలు దాన్ని చూసి, ఇంకా పిల్లలే లేరు, ఈ బొమ్మ ఎవరికోసమని అడిగేవాళ్లు. నాకోసమే అని చెప్పేదాన్ని. కొందరు అంతటితో ఊరుకునేవాళ్లు. ఊరుకోనివాళ్లకు మళ్లీ అదే చెప్పేదాన్ని.

ప్లాన్ కాగితం మీద రెండు ఇంజిన్లు రాసి ఉన్నాయి. నలభై సైజు టూ స్ట్రోక్, లేదంటే అరవై సైజు ఫోర్ స్ట్రోక్. ఏదైనా పెట్టుకోవచ్చు. ఏది పెట్టాలో నాకు తేలలేదు. ఒక ఆదివారం హైదరాబాద్ పోయి క్లబ్బు పెద్దాయనను అడిగాను. సైన్యంలో చేసి రిటైరైన మనిషి, నాకు ఎగరేయడం నేర్పింది ఆయనే. ఇందులో ఆలోచించేది ఏముందన్నాడు. టూ స్ట్రోక్‌కు వాల్వులుండవు, తేలిగ్గా ఉంటుంది, వేగంగా తిరుగుతుంది, క్లబ్బులో అందరివీ అవే. తన దగ్గరున్న పాత ఇంజిన్ ఒకటి నా చేతిలో పెట్టి పంపాడు. మంచి మనసుతోనే ఇచ్చాడు, ఆ మాట దాచను.

బయ్‌ప్లేన్ ముక్కు పొట్టిది. ముందర తేలికైన ఇంజిన్ పెడితే తోక కిందికి వాలుతుంది. బరువు సరిచేయడానికి ముక్కులో పిడికెడు సీసం ముక్కలు కూరాను. అప్పుడే నాకు మనసొప్పలేదు. ఏ పనీ చేయని బరువును ఆకాశంలోకి ఎందుకు మోసుకుపోవాలి? అయినా గురువు మాట కదా అని ఊరుకున్నాను.

బాల్కొండ పోయే దారిలో మా చేను ఉంది. పసుపు తవ్వేసి, నేల చదును చేసిన తర్వాత ఒక ఆదివారం పొద్దున నేను, మా ఆయన, అత్తమ్మ అక్కడికి పోయాం. ఇంజిన్ చెవులు గింగురుమనేలా అరిచింది. విమానం చేను మొత్తం పరుగెత్తి, గట్టు దగ్గరికొచ్చాక గాని లేవలేదు. తాటిచెట్టంత ఎత్తుకు పోయిందో లేదో, మలుపు తిప్పగానే వేగం చచ్చిపోయింది. నేను కంగారుపడి ముక్కు ఇంకా పైకి లాగాను. అది ఒక పక్కకు ఒరిగి పక్క చేను మక్కజొన్నలో పడింది. కింది రెక్క మూడు ముక్కలైంది. మలుపు మరీ ఇరుకుగా తిప్పడం నా తప్పే. కాని ఆ మాత్రం తప్పును నా ట్రైనర్ ఎన్నిసార్లు కాసిందో నాకు తెలుసు.

ఇంటికొచ్చాక అత్తమ్మ నా పక్కన కూర్చొని విరిగిన ముక్కలు ఏరి ఇచ్చింది.

మా అత్తమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. బడి ముఖం చూడని మనిషి. మా మామయ్యకు పచ్చకామెర్లు వచ్చి మంచాన పడ్డ ఏడు, బావి దగ్గర ఆయిల్ ఇంజిన్ నడిపే జీతగాడు పని మానేసి పోయాడు. పసుపు ఎండిపోతోంది. ఆడది ఇంజిన్ ముట్టడమేమిటని ఊళ్లో వాళ్లు అడ్డం మాట్లాడుతుండగానే ఆమె కొంగు బిగించి హ్యాండిల్ తిప్పింది. మూడో రోజు అది ఎదురు తన్నితే మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకొని ఎడమచేత్తో తిప్పింది. ఆ పంట అయిపోయేదాకా ఇంకొకరిని దాని మీద చెయ్యి వేయనివ్వలేదట. మామయ్య కోలుకున్నాక కూడా ఇంజిన్ ఆమెదే అయింది. ఇదంతా నాకు మా ఆయన చెప్పాడు. ఆమె తనంతట తాను ఎప్పుడూ చెప్పుకోలేదు.

"గా ఇంజిన్ గంతగనం మొత్తుకున్నది గని, గుంజలేదు బిడ్డా," అంది ఆమె, ముక్కలు ఏరడం అయిపోయాక.

అది నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిరుగుతుందని చెప్పాను. మన బావి దగ్గరి ఇంజిన్ ఎన్ని తిరుగుతుందని అడిగింది. ఆరేడు వందలు ఉండొచ్చన్నాను.

"గది పాతాళంల నీళ్లు మీదికి తెచ్చింది. ఉరికేది వేరే, గుంజేది వేరే. నీ ఇమానంకు రెండు రెక్కలాయె, గన్ని కట్టెలాయె, గన్ని తీగలాయె. గాలి అడ్డం పడ్తది. దానికి ఉరికేది ఎందుకు? గుంజేది పెట్టు."

నేను పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని. అయినా ఈ మాట నాకు తట్టలేదు. ఆ సాయంత్రం ఒక తెల్ల కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. ఫోర్ స్ట్రోక్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ముక్కుకు పెద్ద పంకాను, అంటే ప్రొపెల్లర్‌ను, తిప్పగలదు. నెమ్మదిగా పోయే విమానానికి ఆ పెద్ద పంకా పట్టే కావాలి. పైగా అది బరువైన ఇంజిన్. సీసం చేసే పని అదే చేస్తుంది, ఊరికే కూర్చోదు.

క్లబ్బుకు పోయి ఇదే చెప్పాను. వాళ్లు నవ్వింది అప్పుడే. పెద్దాయన నవ్వు ఆపుకొని, విమానం పడింది ఇంజిన్ వల్ల కాదు, నీ చేతి వల్ల అన్నాడు. ఇంకో రెండేళ్లు ట్రైనర్ ఎగరేయమన్నాడు.

"చూడమ్మా, దాంట్లో వాల్వులుంటాయి, వాటిని నొక్కే రాకర్లుంటాయి. సందులో వెంట్రుకంత తేడా వచ్చినా ఆగిపోతుంది. మీ ఆర్మూర్‌లో దాన్ని విప్పేదెవరు?"

"మా దిక్కు బాయిల కాడున్న ఆయిల్ ఇంజిన్లన్నీ ఫోర్ స్ట్రోకే సార్. మా అత్తమ్మ ముప్పై ఏండ్ల కిందనే నడిపింది," అన్నాను. "విప్పేది నేనే."

ఆయనిచ్చిన ఇంజిన్‌ను గుడ్డతో తుడిచి వెంట తెచ్చుకున్నాను. దాన్ని బల్ల మీద పెట్టాను. సీసం ముక్కలు కూడా పక్కన పెట్టి బస్సెక్కాను.

మా వీధిలో ఒకతను దుబాయిలో పని చేసేవాడు. సెలవుకు వచ్చినప్పుడు కేటలాగ్ కాగితం ఇచ్చి, ఇంజిన్ నంబరు కింద గీత గీసి పంపాను. అందరూ టేప్‌రికార్డర్లు తెమ్మంటారు, మీరేంది వదినా అని ఆశ్చర్యపోయాడు. మరుసటి ఏడు, నేను విరిగిన రెక్క మళ్లీ కట్టుకునేసరికి, తెచ్చాడు. పిడికిట్లో పట్టేంత ఇంజిన్, తల మీద రెండు చిన్న రాకర్లు. అత్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకొని దాన్ని పట్టుకొని చూసింది. బావి ఇంజిన్‌కు పుట్టిన పిల్ల లెక్కుందని నవ్వింది.

దాని ఇంధనంలో మిథనాల్‌తో పాటు ఆముదం కలపాలి. ఇంట్లో కాచిన ఆముదం పోద్దామంది అత్తమ్మ. అందులో నీటి తడి ఉంటుందని నేను ఒప్పుకోలేదు. మందుల షాపు నుంచి తెచ్చిందే వాడాను. ఆమె రెండు రోజులు ముఖం ముడుచుకుంది.

పెరట్లో పాత బల్లకు ఇంజిన్ బిగించి కొన్ని రోజులు ఊరికే తిప్పాను, అరిగి కుదురుకోవడానికి. ఒకరోజు పంకా ఎదురు తన్ని నా చూపుడు వేలు కోసింది. దవాఖానాలో నాలుగు కుట్లు పడ్డాయి. తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో మా ఆయన, "ఇగ బంద్ చెయ్యి. బడిల బోర్డు మీద రాయాలన్నా చెయ్యి ఉండాలె గద," అన్నాడు. ఆయన భయం నాకర్థమైంది. ఆగనని మాత్రం అప్పుడే చెప్పేశాను. వేలు మానేదాకా వారం రోజులు ఎడమచేత్తో రాశాను. తర్వాత పంకా తిప్పడానికి వేలు వాడలేదు. మందపాటి కట్టెకు రబ్బరు గొట్టం తొడిగి దాంతో తిప్పాను. వాల్వు సందులు నేనే చూసుకున్నాను. మొదటిసారి సగం పూట పట్టింది, నాలుగోసారి పావుగంటలో అయిపోయింది.

మళ్లీ పసుపు తవ్వకాలు అయిపోయాక క్లబ్బుకు ఉత్తరం రాశాను. ఫలానా ఆదివారం ఎగరేస్తున్నాను, రండి అని. వస్తారనుకోలేదు. పెద్దాయన, క్లబ్బులోని ఇంకొకాయన చేనికి వచ్చారు; అత్తమ్మ గట్టు మీద కూర్చుంది.

ఆ ఇంజిన్ అరవలేదు. గొంతు తగ్గించి దబదబమని కొట్టుకుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచాను. విమానం పది అడుగులు పోయి తోక లేపింది, చేను సగం కూడా దాటకుండానే నేల వదిలింది. మలుపు తిప్పాను. వేగం తగ్గింది, లాగుడు మాత్రం తగ్గలేదు. ఇంకా ఇరుకుగా తిప్పాను, కావాలనే. ఒరిగి, నిలదొక్కుకొని, పైకే పోయింది. మా తలల మీదుగా నెమ్మదిగా దాటిస్తే, రెక్కల మధ్య తీగలు కూడా లెక్కపెట్టేలా కనిపించాయి. మా ఆయన టోపీ తీసి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని, నోరు తెరిచి చూస్తున్నాడు.

దించేటప్పుడు చక్రం మట్టిపెళ్లకు తగిలి విమానం ముక్కు మీద బోర్లా పడింది. పంకా విరిగింది. రెక్కలకేం కాలేదు.

"అదృష్టం బాగుంది," అన్నాడు పెద్దాయన.

నేను సంచిలోంచి కొత్త పంకా తీసి బిగించాను. వాల్వులు చూశాను. రెండోసారి ఎగరేసి, పెళ్లలు లేని వైపు దించాను. ఈసారి బోర్లా పడలేదు. పెద్దాయన విమానం చుట్టూ తిరిగి, వంగి ఇంజిన్‌ను చూసి, సీసం ఎంత పెట్టావని అడిగాడు. ఏమీ పెట్టలేదన్నాను. ఒక్కసారి నేను ఎగరేస్తానంటూ నా చేతిలోని ట్రాన్స్‌మిటర్ కోసం చెయ్యి చాపాడు.

"ఇస్త సార్. ముందుగాల నా మూడోసారి కానియ్యుండ్రి," అన్నాను.

ఆయన వెళ్లి గట్టు మీద అత్తమ్మ పక్కన కూర్చున్నాడు. నేను ట్యాంకు నింపుకున్నాను.