పన్నెండు బారల తాడు

భద్రాచలానికి నడిచి వస్తానని మా అత్తగారు మొక్కుకున్నది మా ఆయన కోసం. ఇది పంతొమ్మిదివందల ముప్పైల్లో మాట. ఆ ఏడు కార్తీకం వెళ్ళాక కొల్లేటి మీద గాలివాన లేచి మా దోనె బోర్లాపడింది. మా ఆయన వల కోసం పాతిన గెడకి తన నడుం తాడుతో కట్టేసుకుని, గాలి తగ్గిందాకా ఒక పూటంతా పీకల్లోతు నీళ్ళలో నిలబడ్డారు. జనం వెళ్ళి ఇంటికి తెచ్చి తాడు విప్పుతుంటే, నడుం చుట్టూ ఎర్రటి గాటు. ఆ గాటు మీద చెయ్యి పెట్టి మా అత్తగారు అన్నారు, "స్వామీ, ఈ తాడు నా నెత్తిన పెట్టుకుని నీ దగ్గరికి నడిచొస్తాను. ఎవరి చేతా మోయించను."

అనడమైతే అన్నారు గానీ, అప్పటికే ఆవిడకి అరవై దాటాయి. చిన్నప్పటి నించీ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఆకివీడు సంతకి నడిచిన మనిషి. మెడ అరిగిపోయి, పక్కకి చూడాలంటే తల తిరిగేది కాదు, మనిషే మొత్తం తిరగాలి. ఆ మెడ మీద మూటతో పది రోజుల నడక. మొక్కు తీరుతుందా, దారిలోనే ఆవిడ కూలబడిపోతారా అన్నదే నాకు దిగులు. తోడు వెళ్ళేది నేనే.

మేం కొల్లేటి లంకల వాళ్ళం. సంతకి తప్ప ఎక్కడికి వెళ్ళినా దోనె మీదే. దోనెకి మెడ నొప్పి ఉండదు కనక ఇల్లంతా ఎక్కించేస్తాం. మాకున్న భయమల్లా తడి. ఏది సర్దినా కుండలో పెట్టి, మూతికి గుడ్డ బిగించి కడతాం. మా అత్తగారు మొదటిసారి సర్దిన మూటలో మూడు కుండలున్నాయి.

మా ఆయన గుమ్మంలో కూర్చుని చూసి, "రాముడి దర్శనానికా అమ్మా, అక్కడ కాపురం పెట్టడానికా?" అన్నారు.

"నువ్వు నోరుమూసుకో. నువ్వా వేళ ఇంటి పట్టున ఉంటే నాకీ తిప్పలెందుకు?"

మర్నాటి నించి మాకదే పని. చేత్తో ఎత్తి చూస్తే మూట బరువు తెలియదని ఆవిడ మాట. "చెయ్యి అబద్ధం చెబుతుందే అమ్మాయ్. మెడ చెప్పదు." అందుకని మూట నెత్తిన పెట్టుకుని చెరువు గట్టు మీద ఈ చివర నించి ఆ చివరికి పదిసార్లు తిరిగేవారు. దిగి వచ్చి, మూట విప్పి, ఒక వస్తువు తీసి నా చేతిలో పెట్టేవారు. కుండలు పోయాయి. బొంత పోయి, రెండు పాత చీరలు కలిపి కుట్టిన దుప్పటి వచ్చింది. బియ్యం పోయి అటుకులు, పేలపిండి, కాస్త బెల్లం వచ్చాయి. తుంగ చాపని సగానికి కోయించారు.

"కాళ్ళు నేల మీద ఉండిపోతాయి కదండీ అత్తయ్యా?" అన్నాను.

"పగలంతా నేల మీద ఉండేవే కదా, రాత్రికి వాటికి కొత్తేముంది?"

ఇత్తడి చెంబుని చేపల తక్కెడలో ఒకవైపు పెట్టి, ఏలూరు నించి కొత్తగా తెప్పించిన సత్తు గిన్నెని రెండో వైపు పెట్టాను. చెంబు ఠక్కున నేలకి తాకింది. ఆవిడ నవ్వి, "ఇదేదో కాయితంతో చేసినట్టుందే" అని గిన్నె మూటలో వేసుకున్నారు. ఎండిన ఆనపకాయ బుర్ర ఒకటి, నీళ్ళకి ఉంటుందని నేనే పక్కన పెట్టాను. మళ్ళీ నేనే తీసేశాను. దారిలో నీళ్ళుండవా? పుట్టి బుద్ధెరిగాక మాకు నీళ్ళంటే, దోనెలోంచి వంగి చెయ్యి ముంచితే అందేవి. నీళ్ళు మోసుకుపోవడం కన్నా వెర్రితనం మరొకటి ఉండదని ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంత చేసినా మూటలో సగం బరువు తాడే. బొటనవేలంత లావు పీచు తాడు, పన్నెండు బారలు. "ఒక మూరెడు కోసి తీసుకెళ్ళినా దేవుడు కాదనడండీ" అని చూశాను. ఆవిడ నా వంక తిరిగారు, మనిషి మొత్తం. "వాణ్ణి పట్టుకున్నప్పుడు తాడు మూరెడే పట్టుకుందా?" అన్నారు.

బయల్దేరే ముందురోజు ఆవిడ కొబ్బరినూనె రాసి మెడకి కాపడం పెట్టుకుంటుంటే చూశాను. చెయ్యి పైకి లేవడం లేదు. నేను సాయం పట్టి, తర్వాత దొడ్లోకి వెళ్ళి కత్తిపీట మీద ఆ తాడు సరిగ్గా సగానికి కోసేశాను. లోపల ఎండు తుంగ కట్ట పెట్టి, పైన ఆరు బారల తాడు ఒత్తుగా చుట్టాను. చూస్తే చుట్ట ఎప్పట్లాగే లావుగా ఉంది. మిగతా సగం అటక మీద దాచాను. దేవుడికి లెంపలేసుకున్నాను గానీ, నా మనసుకి మాత్రం తప్పు చేసినట్టు అనిపించలేదు.

ఒడ్డు దాకా దోనెలో వెళ్ళి, అక్కణ్ణించి నడక. పక్క లంక భజన వాళ్ళు పాతికమంది ముందు నడిచారు. ఏలూరు సత్రంలో అరుగులు తుడిచే ఆవిడ మా మూటలు చూసి, "మెట్టకి పోతున్నారు, చేంతాడు పెట్టుకున్నారా?" అని అడిగింది.

"తాడుందమ్మా. అది దేవుడిది," అన్నారు మా అత్తగారు.

ఆవిడ ఎందుకు అడిగిందో మా ఇద్దరికీ తోచలేదు.

మూడు రోజులు బాగానే నడిచాం. కామవరపుకోట దాటాక ఎర్రనేల, జీడిమామిడి తోటలు, చైత్రమాసపు ఎండ. మా అత్తగారి నడక నెమ్మది కనక భజన వాళ్ళు ముందుకు పోయారు. చిడతల చప్పుడు కూడా వినపడ్డం మానేసింది. వంగితే అందే నీళ్ళు ఎక్కడా లేవు. కాలవ లేదు, బోదె లేదు. ఆవిడ పెదాలు తెల్లగా అయిపోయాయి. "అమ్మాయ్, నాలిక అంగిట్లో అతుక్కుపోతోందే" అన్నారు.

ఒక తోట వార బావి కనబడింది. పరుగున వెళ్ళి తొంగి చూశాను. అడుగున రూపాయి బిళ్ళంత ఆకాశం మెరుస్తోంది. గిలక లేదు, తాడు లేదు, మనిషి లేడు. నీళ్ళు అంత లోతున ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

మా అత్తగారు గట్టుకి చేరగిలబడి మూట దించుకున్నారు. "తాడు తియ్యి," అన్నారు.

"దేవుడిదండీ."

"వాణ్ణి బతికించిన తాడు నన్ను బతికించకూడదా? తియ్యి."

చుట్ట విప్పాను. ఆరు బారలు విప్పేసరికి తుంగ కట్ట జారి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది. దాని వంక చూశారు. సత్తు గిన్నె తీసుకుని, గుడ్డ పీలికతో దాని చుట్టూ వల ముడులు వేసి ఉట్టిలా అల్లి, తాడు కొసకి కట్టి నా చేతికిచ్చారు. దించాను. తాడంతా అయిపోయింది, గిన్నె నీళ్ళకి రెండు బారల పైన గాలిలో ఊగుతోంది.

అప్పుడేడ్చాను. "నేనే కోశానండీ అత్తయ్యా. మీ మెడ చూడలేక కోశాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"దోనె దిగి మూటెత్తుకున్నప్పుడే. యాభై ఏళ్ళు తట్ట మోసిన మెడ ఇది, తాడు బరువు సగం పోతే తెలియదా?" నా వంక కాక బావి వంక చూస్తూ అన్నారు, "అప్పుడే తిట్టి వెనక్కి పంపాల్సింది. హాయిగా ఉందే అమ్మాయ్. చెప్పబుద్ధి కాలేదు. తప్పు నీ ఒక్కదానిదే కాదు. ఏడుపాపి నీ రెండో చీర తియ్యి."

నాకున్నవి ఒంటి మీదొకటి, మూటలోదొకటి. మూటలోది నీలం చీర, మా అమ్మ పెట్టినది. దాన్ని పురి పెట్టి తాడుకి కలిపి ఆవిడే ముడి వేశారు. వల మెలిక అది, గుంజేకొద్దీ బిగుస్తుంది. మళ్ళీ దించితే ఈసారి గిన్నె నీళ్ళని తాకింది గానీ మునగనంది. తేలికని ఏరికోరి తెచ్చుకున్న గిన్నె కదా, తామరాకులా తేలుతూ కూర్చుంది. పైకి లాగి అందులో ఒక రాయి వేశాం. అప్పుడు మునిగింది.

మొదటి గిన్నె ఆవిడకి పట్టబోతే నా చేతిని నా నోటికేసి తోశారు. "ముందు నువ్వు తాగు. నువ్వు పడిపోతే నిన్ను మోసే మెడ కాదిది."

ఆ సాయంత్రం ఊళ్ళో ఒక కుమ్మరాయన ఇచ్చిన చిన్న కూజా నేను మోశాను. తాడు మాత్రం చీర ముడితో సహా ఆవిడ నెత్తినే ఉంది. విప్పి ఇస్తారేమో, చీర ఆరేసుకుందామని రెండుసార్లు అడిగాను. "ఉండనీ" అన్నారు.

పన్నెండో రోజుకి చేరాం. గుడి మెట్ల దగ్గర మొక్కుబడులు తీసుకునే ఆయన తాడు అందుకుని, దాని కొసన వేలాడుతున్న నీలం చీర పట్టుకుని, "ఇదేమిటమ్మా, చీర కూడా మొక్కేనా?" అని అడిగారు.

మా అత్తగారు మెడ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు.

"తాడు చాల్లేదండి. మా కోడలు కలిపింది."