తెల్లబట్ట దాచొద్దన్న సమ్మమ్మ

మట్టెవాడలో మా అత్తగారింటి బట్టలు ఉతికే సమ్మమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ముప్పై ఇళ్ల ఆడవాళ్ల ఒంట్లో ఏం జరుగుతున్నదో ఆమెకు తెలిసినంతగా వాళ్ల మొగుళ్లకు కూడా తెలియదు. మూటలోని లంగాలు, చీరలే ఆమెకు అన్నీ చెప్పేవి. ఒక ఇంటి సంగతి ఇంకో ఇంట్లో ఆమె నోట నేనెప్పుడూ వినలేదు.

ఆమెకు ఆ చూపు ఎలా వచ్చిందో తర్వాత ఆమే చెప్పింది. డెబ్బై ఆరు ఎండాకాలంలో ఆమెకే తెల్లబట్ట మొదలైంది. పసుపుపచ్చగా, నురగనురగగా, వాసనతో కారేది. దురదకు చెరువు రేవులో నిలబడలేకపోయేది. అందరూ వేడి చేసిందన్నారు. సబ్జా గింజలు నానబెట్టుకొని తాగింది. మజ్జిగ తాగింది. తగ్గలేదు. ఎంతటి మరకనైనా పోగొట్టే సోడా తనకు పనిచేయదా అనుకుని, బట్టల సోడా నీళ్లలో కలిపి కడుక్కుంది. చర్మం పొక్కిపోయి రెండు రోజులు కూర్చోలేకపోయింది. మూడోనాడు ఒక్కతే సర్కారు దవాఖానకు నడిచి వెళ్లింది.

అక్కడ భారతి డాక్టరమ్మ ఆమెను తిట్టలేదు. పరీక్ష చేసి, దూదిపుల్లతో కొంచెం స్రావం తీసి, గాజుముక్క మీద ఉప్పునీటి చుక్కలో కలిపి మైక్రోస్కోప్ కింద పెట్టింది. తాను చూసి, సమ్మమ్మనూ చూడమన్నది. గుండ్రటి వెలుతురులో చిన్న చిన్న గింజల్లాంటివి, కొసకు వెంట్రుకంత తోకలతో, గిలగిలా ఈదుతున్నాయి. ఆ మాట చెప్పేటప్పుడు ఎన్నేళ్లకైనా సమ్మమ్మ గొంతు తగ్గిపోయేది. వేడి కాదు, పాపం కాదు, ఎవరి దిష్టీ కాదు, ప్రాణమున్న పురుగు! కంటికి ఆననంత చిన్న పురుగు తనను ఇన్ని నెలలు ఏడిపించిందని ఆమె నమ్మలేకపోయింది.

ఆ పురుగు మొగుడి ఒంట్లోనూ ఉంటుందనీ, మగవాళ్లకు చాలాసార్లు దురదే తెలియదనీ డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరూ ఒకేసారి వారం రోజులు మాత్రలు మింగాలి, మందు పూర్తయ్యేదాకా కలవకూడదు, ఆయన కల్లు ముట్టకూడదు. ఆమె భర్త కట్టయ్య ఆడరోగానికి మగాడు మందు మింగడమేమిటని నవ్వాడు. సమ్మమ్మ వాదించలేదు. మర్నాడు అతణ్ణి వెంటబెట్టుకుపోయి, డాక్టరమ్మను బతిమాలి మళ్లీ స్రావం తీయించుకుని, అదే మైక్రోస్కోప్‌లో ఆ పురుగులను చూపించింది. కట్టయ్య చాలాసేపు చూశాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, మాత్రలియ్యమని చెయ్యి చాపాడు. ఆ వారమంతా కల్లు మండువ వైపు పోలేదు.

నేను మట్టెవాడ ఇంటికి కోడలిగా వచ్చింది డెబ్బై తొమ్మిదిలో. దగ్గు, జ్వరం వస్తే మా ఆయన రాంచందర్ మందుల షాపులో అడిగి తెచ్చిన గొట్టం మాత్రలు పదిరోజులు మింగాను. జ్వరం పోయింది, దురద పట్టుకుంది. విరిగిన పెరుగులా తెల్లగా పడేది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. డెటాల్ నీళ్లతో కడుక్కుంటే మంట ఇంకా పెరిగింది.

ఒక పొద్దున పెరట్లో మూట కట్టుకుంటూ సమ్మమ్మ తల ఎత్తకుండానే అన్నది: "బిడ్డా, గుల పెడ్తాందా? సిగ్గువడకు. నాక్కూడ అయింది. జర డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

నేను అక్కడే ఏడ్చేశాను.

భారతి డాక్టరమ్మ మూత్రంలో చక్కెర ఉందేమో కూడా చూసింది. లేదు. నాది పురుగు కాదు, బూజు లాంటిదట. జ్వరం మాత్రలు ఒంట్లోని మంచి క్రిములను చంపితే ఆ చోట బూజు పెరిగిందన్నది. దీనికి మా ఆయన మందు మింగాల్సిన పని లేదు. పద్నాలుగు రోజులు పడుకునే ముందు లోపల పెట్టుకునే బిళ్లలిచ్చింది. లోపల సబ్బు, డెటాల్ తగలనీయొద్దని, పైన మంచినీళ్లతో కడిగి పొడిగా తుడుచుకోవాలని చెప్పింది. నెలనెలా కొంత తెల్లబట్ట అందరికీ ఉంటుందట. రంగు మారితేనో, వాసన వస్తేనో, దురదా మంటా ఉంటేనో అప్పుడే రోగం. ముట్టు గుడ్డలు స్నానాల గదిలో తడిగా దాచకుండా ఎండలో ఆరేయాలన్నది. మా ఇంట్లో అది కుదరదని నేనంటే, సమ్మమ్మ తన వాకిట్లోనే ఒక తాడు కట్టింది. వారంలోనే దురద తగ్గింది. అయినా పద్నాలుగు బిళ్లలూ వాడాను.

ఎనభై రెండులో జరిగింది వేరు. మా అత్తమ్మ లక్ష్మీనర్సమ్మకు ముట్లుడిగి ఆరేళ్లయింది. గట్టి మనిషి. ఒకనాడు సమ్మమ్మ మూట విప్పి, మళ్లీ చూసి, అత్తమ్మ ముందుకు వెళ్లి నిలబడింది. మూడు వారాలుగా అత్తమ్మ లంగాలు ఉతకడానికి రావడం లేదు. అంటే ఆమే ఉతుక్కుంటున్నది. ఎందుకని ఆమెనే అడిగింది. అదే ఇంట్లో ఉన్నా నాకది తట్టలేదు.

హద్దులో ఉండమని అత్తమ్మ గదమాయించింది. సమ్మమ్మ మూట పక్కన పెట్టి పెరటి గడప మీద కూర్చుంది.

"నన్ను తిట్టున్రి అమ్మా. కని నెత్తురు నీళ్లు వడ్తున్నయా, లేదా, గంత చెప్పున్రి. చెప్పేదాంక మూట లేపను."

ఎండ పెరడంతా పరుచుకుంది. చివరికి అత్తమ్మ లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది. రిక్షాలో నేనూ, సమ్మమ్మా ఆమెకు చెరో పక్క కూర్చున్నాం. భారతి డాక్టరమ్మ పరీక్ష చేసి, చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపింది. గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్, మొదట్లోనే దొరికింది. హైదరాబాద్‌లో రెండు నెలలు కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్ ఇచ్చారు. మనిషి సగమై తిరిగొచ్చింది. కానీ తిరిగొచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది.

హైదరాబాద్ నుంచి తిరిగొచ్చిన ఆ ఏడే, దసరా ముందు, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి అత్తమ్మ చెల్లెలు వచ్చింది. నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉండగా, తెల్లబట్ట అనే మాట జన్మలో పలకని మా అత్తమ్మ, చెల్లెలి మొహం పరీక్షగా చూసి, అందరికీ వినపడేలా అడిగింది: "ఏమే, నీకేమన్న తెల్లబట్ట పడ్తాందా? ఉంటే దాచకు, రేపే పోదాం."

చెల్లెలు తల వంచుకుని, అవునన్నది.