అత్త ఎడమ రెప్ప

మేకప్ కోర్సులో చేరిన మూడో వారంలో మా మేడమ్ ఒక నియమం పెట్టింది. నలభై రోజుల పాటు ఒకే మనిషి కళ్లకి రోజుకో లుక్ వేసి, పగటి వెలుతురులో ఫొటోలు తీసి పంపాలి. కళ్లు తెరిచి ఒకటి, మూసి ఒకటి. మనిషి మారకూడదు.

"మొహాలు మారుస్తూ పోతే మీ చెయ్యి మీకు తెలీదు. ఒకే కన్ను మీద రోజూ పని చేస్తేనే తప్పెక్కడుందో కనపడుతుంది," అంది.

క్లాసులో మిగతావాళ్లకి చెల్లెళ్లున్నారు, స్నేహితురాళ్లున్నారు. ఇంట్లో నాకున్నది మా అత్త. అత్తంటే మా నాన్న చెల్లెలే. ఆవిడ కొడుకుని, మా బావనే, నేను చేసుకున్నాను. బావ గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర కారు నడుపుతాడు. మామయ్య పోయాక అత్త బందరు వైపు నించి వచ్చేసి విజయవాడ చేపల మార్కెట్లో బల్ల పెట్టుకుంది. పటమటలో మేడ మీద రెండు గదుల వాటాలో ముగ్గురం ఉండేవాళ్లం.

అడగడానికి రెండు రోజులు తటపటాయించాను. చేపలు కోసుకునేదాని కళ్లకి రంగులేంటని కసురుతుందనుకున్నా. అత్త మాత్రం ఒక్కటే అడిగింది.

"కదలకుండా కూర్చోవాలా? ఎంతసేపు?"

"అరగంట."

"తెల్లారుజామునించీ నిలబడే ఉంటున్నా. కూర్చోమంటే కాదంటానా?"

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కోర్సువాళ్లు ఫలానా కంపెనీ ఐషాడో ప్యాలెట్టే కొనమన్నారు. నేను వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో అచ్చం అలాగే ఉన్నది చవగ్గా దొరికితే తీసుకుని, మిగిలిన దాంతో బ్రష్‌లు కొనుక్కున్నాను. డబ్బా మీద పేరు అదే, అక్షరాలే కాస్త వంకర. ఇంట్లో బావకీ, క్లాసులో మేడమ్‌కీ అసలుదే అని చెప్పాను. రంగులు మాత్రం చూస్తే కళ్లు తిప్పుకోలేం. నెమలికంఠం, వంకాయ రంగు, రాణి రంగు, ఇటుక రంగు, మామిడిపండు రంగు. వేలితో రాస్తే మెత్తగా వచ్చేవి. ఒక్కో రంగూ నా చేతి మీద రాసుకుని చూసుకుంటూ ఒక ఆదివారమంతా గడిపేశాను.

అత్త మార్కెట్ నించి వచ్చి, స్నానం చేసి, భోంచేసి నాలుగింటికి వీధి గదిలో కిటికీ దగ్గర కూర్చునేది. ముందు బెదిరింది. బ్రష్ రెప్పకి తగలగానే మొహమంతా ముడుచుకునేది. నాలుగు రోజులకి అలవాటైంది. పని అయ్యాక అద్దంలో చూసుకుని, "ఇది బాగుందే, చందువా చేప పొట్టలా మెరుస్తోంది," అనేది. తర్వాత కొబ్బరినూనెతో తుడిపించేసుకునేది. రంగుల కళ్లతో మెట్లు దిగితే కింద వాటావాళ్లు నవ్వుతారని ఆవిడ భయం.

పన్నెండో రోజో పదమూడో రోజో మేడమ్ వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఎడమ కంటికి రంగు తక్కువ ఎత్తులో వేశావు. చూసుకో."

ఫొటో చూశాను. నిజమే. కుడి కంటి మీద కనిపిస్తున్న వంకాయ రంగు ఎడమ కంటి మీద సగమే కనిపిస్తోంది. మర్నాడు ఎడమ వైపు కాస్త పైకి వేశాను. మూసిన ఫొటోలో ఎడమ రంగు కనుబొమ దాకా పోయింది, తెరిచిన ఫొటోలో మళ్లీ తక్కువే. మేడమ్ గ్రూపులో అందరికీ వినిపించేలా, "ఇంత కాలానికి రెండు కళ్లు సమానంగా రాకపోతే ఎలాగమ్మా," అంది. మూడు రోజులు స్కేలు పెట్టి కొలిచి మరీ వేశాను. అయినా తెరిచిన ఫొటోలో తేడా అలాగే ఉంది.

ఒక సాయంత్రం కింది రెప్పకి రంగు వెయ్యడానికి, "అత్తా, పైకి చూడు," అన్నాను.

"చూస్తూనే ఉన్నా కదే."

కుడి కన్ను పైకి చూస్తోంది. ఎడమ రెప్ప మాత్రం లేవలేదు. సగం దించిన షట్టర్‌లా ఉండిపోయింది.

"ఇంకా పైకి."

"ఇంతకన్నా ఎక్కడికి చూడను?" అని విసుక్కుంది. తను చూస్తున్నాననే అనుకుంటోంది. బ్రష్ పక్కన పెట్టి, తడిగుడ్డతో ఆ రంగంతా తుడిచేశాను. అప్పుడు నా మనసులో మెదిలింది ఒక్కటే, డబ్బా మీది ఆ వంకర అక్షరాలు.

ఆ మర్నాడే అవనిగడ్డ నించి వదిన, అంటే బావ అక్క, వీడియో కాల్ చేసింది. అత్త మొహం చూడగానే, "అమ్మా, నీ కన్నేంటి అలా వాలిపోయింది?" అంది.

"ఏమో, రంగులు పడట్లేదేమో," అంది అత్త మామూలుగా.

ఫోన్ నాకివ్వమంది వదిన. "నీ చదువు కోసం మా అమ్మ కన్ను పోగొడతావా? నీ మొహానికి వేసుకోలేకపోయావా ఆ రంగులు?"

బావ అక్కడే ఉన్నాడు. అరవలేదు. ప్యాలెట్ తీసి బీరువా మీద పెట్టి, "ఇంక చాలు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అది మంచి కంపెనీదే కదా?" అని అడిగాడు.

"మంచిదే," అన్నాను.

ఐదు రోజులు అత్త కళ్లని ముట్టుకోలేదు. వాపు లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. కానీ సాయంత్రమయ్యేసరికి రెప్ప వాలుతూనే ఉంది. వేసిన రంగు లోపలికి దిగిపోయి నరాన్ని తినేసిందేమో అని పిచ్చి ఊహలు. అన్నం వండుతూ ఆవిడ వైపు దొంగచూపులు చూసేదాన్ని. ఆవిడ అన్నం నెమ్మదిగా నములుతోందని, మధ్యమధ్యలో దవడని చేత్తో పట్టుకుంటోందని అప్పుడే గమనించాను.

"పన్ను నొప్పా అత్తా?"

"వయసు," అంది.

ఆరో రోజు బావ డ్యూటీకి వెళ్లాక మంచం మీద కూర్చుని ఫోన్‌లో ఫొటోలన్నీ మొదటి నించీ చూశాను. నా తప్పు ఎక్కడ మొదలైందో చూసుకుందామని. మంగళవారాలు అత్త బల్ల పెట్టదు, ఇంట్లోనే ఉంటుంది. ఆ రోజుల్లో పొద్దున్నే లుక్ వేసేదాన్ని. మంగళవారం ఫొటోలన్నిట్లో రెండు కళ్లూ సమానంగా ఉన్నాయి. మిగతా రోజులవన్నీ సాయంత్రం తీసినవి, వాటిల్లో ఎడమ కన్ను ఎంతో కొంత కిందకుంది. అదే చెయ్యి, అవే రంగులు. ఇంకా వెనక్కి జరిపాను. నేను కోర్సులో చేరక ముందు, చుట్టాలింట్లో గృహప్రవేశానికి వెళ్లినప్పటి ఫొటో ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక తీసింది. అందులో అత్త నవ్వుతోంది. ఎడమ రెప్ప కొంచెం వాలి ఉంది.

నా వల్ల కాదు. ఆ మాట పైకే అన్నాను. ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం సిగ్గేసింది. నా వల్ల కాదంటే ఆవిడ ఒంట్లోనే ఏదో ఉందని కదా అర్థం. అది ముందుగా తట్టలేదు నాకు.

చెప్పులేసుకుని ఆటో ఎక్కి మార్కెట్‌కి పోయాను. పదకొండు దాటింది. మామూలుగా అత్త గొంతు గేటు దగ్గరికే వినిపిస్తుంది. ఆ రోజు వినపడలేదు. బల్ల దగ్గర అత్త స్టూలు మీద కూర్చుని ఉంది. పక్క బల్ల ఆవిడ తన చేపలతో పాటు అత్త శీలావతుల్ని కూడా కేకేసి అమ్ముతోంది. నన్ను చూసి కొంచెం తడబడింది.

"పదింటికే గొంతు పోతోందమ్మా మీ అత్తకి. ఇంట్లో చెప్పొద్దంది," అంది మెల్లిగా.

"ఏంటత్తా ఇది?"

అత్త ఏదో చెప్పింది. మాటంతా ముక్కులోంచి వచ్చింది, నాకు సగం అర్థం కాలేదు. నా కంగారు చూసి చెయ్యి ఊపి, సీసా ఎత్తి నీళ్లు తాగబోయింది. గుటక పడలేదు. నీళ్లు ముక్కులోంచి జాకెట్టు మీదకి కారాయి. దగ్గు. ఊపిరి తీసుకోవడానికి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్లల్లో భయం చూడటం నాకదే మొదటిసారి. పక్క బల్ల ఆవిడ వీపు నిమురుతుంటే నేను ఆటో కోసం పరిగెత్తాను.

ఆస్పత్రిలో ముందు చూసిన డాక్టరు చిన్న వయసావిడ. రెప్ప చూడగానే, "కంటికి ఏమైనా వాడారా?" అని అడిగింది. అప్పటికే బావ గన్నవరం నించి వచ్చేశాడు, నా పక్కనే నిలబడ్డాడు. అబద్ధం చెప్పడానికి ఇంక చోటు లేదు.

"ఐషాడో వేశానండీ, మూడు వారాలు. అసలు కంపెనీది కాదు. వన్ టౌన్‌లో కొన్న నకిలీది. అందులో ఏం కలిపారో నాకు తెలీదు. కానీ..." అని ఫోన్ తీసి ఆవిడ ముందు పెట్టాను. "ఇవి పొద్దున తీసినవి. ఇవి సాయంత్రాలు. ఇది అసలు రంగులే వెయ్యక ముందుది."

బావ నన్ను చూడలేదు. డాక్టరు ఫొటోలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. ఆవిడ మొహం మారింది. లేచి వచ్చి అత్త ముందు వేలు పైకెత్తి, "అమ్మా, దీన్నే చూడండి. నేను చెప్పేదాకా కళ్లు దించకండి," అంది. అత్త చూస్తోంది. ఎడమ రెప్ప కొంచెం కొంచెంగా దిగుతూ వచ్చి నల్లగుడ్డు మీద పడిపోయింది. తర్వాత కుడిది కూడా దిగడం మొదలైంది. నేను బావ చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు కానీ గట్టిగా పట్టుకోనూ లేదు.

డాక్టరు ఐసుముక్క తెప్పించి, గ్లవ్‌లో చుట్టి, మూసిన ఎడమ కంటి మీద పెట్టింది.

"పొద్దున్నించీ ఐసులోనే ఉన్నా. మళ్లీ ఐసేనా?" అంది అత్త ముక్కుగొంతుతో.

రెండు నిమిషాలయ్యాక తీసింది. అత్త కన్ను తెరిచింది. రెప్ప లేచింది, మంగళవారం ఫొటోలో ఉన్నంతగా.

డాక్టరు తేలిక మాటల్లో చెప్పింది. నరం నించి కండకి ఆజ్ఞ సరిగా అందని జబ్బు ఇది. వాడేకొద్దీ కండ అలిసిపోతుంది, విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. అందుకే పొద్దున బాగుండి సాయంత్రానికి వాలిపోతోంది. రంగుల వల్ల వచ్చేది కాదు. రెప్ప ఒక్కటే అయితే ఇంటికి పంపేదాన్నని, మింగడం కష్టమైంది కాబట్టి ఊపిరి మీదకి రాకుండా కనిపెట్టుకుని ఉండాలని చేర్చుకుంది. బయటికి వెళుతూ ఆగి, "ఏది వాడినా అందులో ఏముందో తెలిసినవే వాడండి," అంది నాతో.

ఆ తర్వాత నాలుగు రోజులు నాకు చాలా పొడుగ్గా అనిపించాయి. నర్సు పూటపూటా వచ్చి ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేది. మా అత్తకి అమ్మకంలో అలవాటు, ఒకటి అనదు. "లాభం, రెండు, మూడు..." అని మొదలుపెట్టేది. మొదటి రోజు పద్నాలుగు దగ్గర ఆగిపోయింది. రెండో రోజు పొద్దున పదకొండే. నర్సు ఆ అంకె రాసుకుని డాక్టరు కోసం వెళ్లిపోతే, నేను మంచం పక్కన నిలబడి ఆవిడ ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూ ఉండిపోయాను. మందు మోతాదు పెంచారు. మూడో రోజు సాయంత్రం పద్దెనిమిది. నాలుగో రోజు ఇరవై మూడు దాకా వచ్చి, "ఇంకా చెప్పనా?" అంది. నేను వరండాలోకి వచ్చి ఏడ్చాను.

బావ వారం రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. "కంపెనీదే కదా అని అడిగాను. మొహం మీదే అబద్ధం ఆడావు," అన్నాడు ఒకసారి. ప్యాలెట్ నేనే తీసి చెత్తబండిలో వేశాను. మేడమ్‌కి కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ, "అసలుది కొని మిగిలిన రోజులు పూర్తి చెయ్యి," అంది.

ఇంటికొచ్చిన నెలకి అత్తే అడిగింది. "నీ కోర్సు పరీక్షెప్పుడు? నేనే వస్తా. వేరే ఎవరి మొహమో నీకేం తెలుసు?"

కొత్త ప్యాలెట్ కొన్నాను. ముందు ఆవిడ మోచేతి మడతలో రాసి ఒక రోజంతా ఆగాను. మిగిలిన రోజుల లుక్‌లు కూడా ఆవిడ కళ్ల మీదే పూర్తి చేశాను. పరీక్ష రోజు మాత్ర వేసే వేళని బట్టి లెక్క చూసుకున్నాం. మందు పని చేస్తున్న గంటల్లోనే అయిపోవాలి. నెమలికంఠం రంగు వేసి, చివర్లో బంగారు రంగు అద్దాను. రెండు కళ్లూ చక్కగా కుదిరాయి. కానీ పరీక్ష చూసే ఆవిడ ఆలస్యంగా వచ్చింది. మా వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఎడమ రెప్ప దిగడం నాకు కనిపిస్తూనే ఉంది. రెండో మాత్ర వేసినా పని చెయ్యడానికి టైము పడుతుంది. బ్రష్ తీసుకుని ఎడమ వైపు పైకి దిద్దొచ్చు. చెయ్యి వెళ్లింది, ఆపుకున్నాను.

ఆవిడ అత్త గడ్డం పట్టుకుని చూసి, "ఎడమ వైపు తక్కువగా ఉంది. చూసుకోలేదా?" అంది నన్ను.

నేను నోరు తెరిచేలోపే అత్త అంది, "అది నా రెప్పండీ. అమ్మాయి చెయ్యి కాదు. కళ్లు మూస్తా చూడండి."

కళ్లు మూసింది. ఆవిడ వంగి, రెండు రెప్పలూ మార్చి మార్చి చూసి, కాయితం మీద ఏదో రాసుకుంది. మార్కులు మరీ గొప్పగా రాలేదు, పాసయ్యాను.

ఇప్పుడు అత్త పదింటి వరకే బల్ల దగ్గర ఉంటుంది. కొన్ని సాయంత్రాలు రెప్ప వాలుతుంది, మాత్ర వేసుకుని పడుకుంటుంది. బావ మునుపటిలాగే మాట్లాడుతున్నాడు, ఏదైనా కొన్నప్పుడు మాత్రం డబ్బా తిప్పి పేరు చదువుతాడు. మొన్న వదిన వచ్చినప్పుడు డాక్టరు చెప్పిందంతా మళ్లీ చెప్పాను. విని తలూపింది. చుట్టాల పెళ్లికి తయారవుతూ చీర కుచ్చిళ్లు నాతోనే పెట్టించుకుంది. కళ్ల దగ్గరికి మాత్రం నన్ను రానివ్వలేదు. నేనూ బలవంతపెట్టలేదు.