వాళ్లిద్దరి కోసం తీసుకున్న ఇల్లు

మా అమ్మాయికి ముప్పై దగ్గరపడుతున్నాయి. చదవడం, లెక్కపెట్టడం రాలేదు. కొత్త పని ఏదైనా చేతికి రావడానికి నెలలు పడుతుంది. వచ్చాక మాత్రం మరిచిపోదు. దానికి ఒకే ఒక స్నేహితురాలు. ఇద్దరూ శ్రీకాకుళంలో ఒక స్పెషల్ స్కూల్లో పక్కపక్కన కూర్చుని పెరిగారు. ఆ పిల్ల తల్లీ నేనూ ఆ స్కూలు వరండాలోనే పరిచయమై, వదినా అంటే వదినా అని పిలుచుకునేదాకా వచ్చాం.

మమ్మల్ని కలిపింది నిజానికి ఒక విసుగు. బంధువులు, డాక్టర్లు, బస్సులో పక్క సీటువాళ్లు, అందరూ పిల్లలు ఎదురుగా ఉండగానే మమ్మల్ని అడిగేవారు. "ఏటి తింటాది? దీనికేటైనా తెలుస్తాదా?" అని. వదిన ఊరుకునేది కాదు. "దానికి నోరున్నాది, దాన్నే అడగండి" అనేది. అలా అనడం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

మా తర్వాత వీళ్లు ఎక్కడుంటారన్నది తల్లులిద్దరికీ బెంగే. అన్నదమ్ముల ఇళ్లలో ఓ మూల గది, కాదంటే ఇలాంటివాళ్లను ఉంచే హోం. రెండూ వద్దనుకున్నాం. పిల్లలిద్దరూ ఒక ఇంట్లో ఉండాలి, తోడుగా ఒక మనిషి ఉండాలి. ఆమదాలవలసలో, స్టేషనుకి కాస్త ఎడంగా రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆ వీధిలోనే ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ తోడుంటానంది. ముందు అలవాటు కావాలని వారం వారం శుక్రవారం దింపి, శనివారం సాయంత్రం తెచ్చుకునేవాళ్లం. ఆదివారం వదినవాళ్లకు చర్చి ఉంటుంది.

మొదట్లో కష్టమైంది. తలుపు ఎవరు కొట్టినా మా అమ్మాయి తీసేసేది. ఆ పిల్ల ఇంటికెళ్తానని ఏడ్చేది. మెల్లగా కుదురుకున్నారు. మా అమ్మాయికి గ్యాసు వెలిగించాలంటే భయం, ఆ పిల్ల వెలిగించి ఉప్మా చేసేది. ఆ పిల్లకి కొట్లో మాట పెగలదు, మా అమ్మాయి వెళ్లి పెరుగు ప్యాకెట్టు అడిగి తెచ్చేది. కర్టెన్ల రంగు దగ్గర పెద్ద దెబ్బలాటే అయింది. చివరికి ఒక కిటికీకి పచ్చది, ఇంకో కిటికీకి గులాబీది వేసుకున్నారు. అది చూసి వదిన నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

తర్వాత ఒక వారం వదిన ఫోన్లో "పిల్లకి జొరం" అంది. మరుసటి వారం చుట్టాలొచ్చారంది. ఆ పై వారం ఫోనే ఎత్తలేదు. సరే, మనమైనా వెళ్దామని మా అమ్మాయిని తీసుకుని ఆమదాలవలస వెళ్లాను. గదిలో ఒక్క మంచమే ఉంది. గులాబీ కర్టెన్ లేదు. తోడుండే పెద్దావిడ నన్ను చూసి తెల్లబోయింది.

"మీకు తెల్దా అమ్మా? ఆయమ్మా, కొడుకూ వచ్చి మంచం అట్టుకెళ్లిపోనారు. పిల్లని ఇజీనారం అవతల హోంలో ఎట్టేసినారంట కదా."

అట్నుంచి అటే వదిన ఇంటికి వెళ్లాను. మా అమ్మాయి గదులన్నీ వెతకడం మొదలుపెట్టింది.

"ఏటిది వదినా? నాకొక్క మాట సెప్పలేదేటి?"

"సెప్తే నువ్వు పంపనిస్తావా?"

"జొరమని అబద్ధమాడినావు."

"మా వోడు ఒప్పుకోలేదు వదినా. అద్దింట్లో ఇద్దరాడపిల్లలు, రేపేటైనా అయితే ఎవులు సూస్తారన్నాడు. అక్కడ గోడున్నాది, నర్సున్నాది. నాకు సుగరు. నానెన్నాళ్లుంటాను?"

ఆ భయం నాకూ తెలుసు. కోపం కాస్త తగ్గింది కూడా.

"మరి దాన్ని అడిగినావా?" అన్నాను.

వదిన విసురుగా తలెత్తింది. "దానికేటి తెలుస్తాది?"

ఆ మాట లోకంలో ఇంకెవరన్నా నాకు లెక్కలేదు. ఇన్నేళ్లూ ఆ మాట అన్న ప్రతివాళ్ల మీదికీ నాతో కలిసి వెళ్లిన మనిషి, తన సొంత కూతురి గురించి అంది. కూర్చోలేకపోయాను. ఆటోలో మా అమ్మాయి, "అమ్మా, అత్త దాన్నెక్కడ దాసీసింది?" అని అడుగుతూనే ఉంది.

కొన్నాళ్లకు అడ్రసు తెలుసుకుని, మా అమ్మాయిని విజయనగరం అవతలున్న ఆ హోంకి తీసుకెళ్లాను. చెడ్డ చోటని అనలేను. శుభ్రంగా ఉంది, గట్టిగా అరిచేవాళ్లు లేరు. అందరికీ ఒకే రకం నైటీలు. ఆ పిల్ల జడ కత్తిరించేశారు. మా అమ్మాయి దాని మెడ తడిమి చూసి, "ఉప్మా సేస్తన్నావా?" అంది.

"వంటింట్లోకి ఎల్లనివ్వరు."

మేం లేచేసరికి ఆ పిల్ల కూడా చెప్పులేసుకుంది. మాతో వచ్చేస్తున్నాననుకుంది. గేటు దగ్గర ఆయా వచ్చి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లింది.

నాతో ఉంటావా, ఆమదాలవలసలో ఉంటావా అని మా అమ్మాయిని అడిగాను. చాలా రోజులు ఆలోచించి ఆమదాలవలస అంది. ఇప్పుడు పెద్దావిడతో అక్కడే ఉంటోంది. గదిలో రెండో మంచం చోటు ఖాళీగానే ఉంది. అప్పుడప్పుడు ఎవరో ఒక తల్లి తన కూతురి కోసం వచ్చి చూస్తుంది, ఆలోచించి చెప్తామంటుంది.

ఈమధ్య బస్టాండులో వదిన ఎదురుపడింది. నేను మొహం తిప్పుకున్నాను. మా అమ్మాయి పరుగున వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అత్తా, దాన్నెప్పుడు తెస్తావు?"

"తెస్తానమ్మా. వచ్చే నెల తెస్తాను," అంది వదిన.

మా అమ్మాయి నమ్మింది. బస్సొస్తే దాన్ని ఎక్కించి, నేనూ ఎక్కేశాను.