నా లైబ్రరీ చూపించిన సున్నా

నాకు కోపం ముక్కు మీదనే ఉంటాది. నా ప్రోగ్రాంలో తప్పుందని ఎవరన్నా అంటే చాలు, పూర్తిగా వినకముందే ఒళ్లు మండుతాది. ఆ కోపమే ఒకసారి నా పరువు తీసింది. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తాది కానీ, ఆ పొద్దు నవ్వు రాలేదు.

నేను కడపలో ఇంట్లో కూచోని క్రాష్ రిపోర్టు లైబ్రరీ రాస్తాండా. ఏదో పెద్ద విద్య అనుకోవద్దు. ఫోన్లో యాప్ వాడతాంటే ఉన్నట్టుండి మూసుకుపోతాదే, అప్పుడు యాడ పడిపోయిందో, ఎందుకు పడిపోయిందో రాసిపెట్టి, ఆ యాప్ చేసినోళ్లకు పంపే చిన్న ప్రోగ్రాం. యాప్ చేసేవాళ్లు దీన్ని వాళ్ల యాప్‌లో కలుపుకుంటారు. ఆండ్రాయిడ్ ఫోనైనా, ఐఫోనైనా, ఆఫీసు కంప్యూటరైనా ఒకటే లైబ్రరీ పనిచేయాల. రెండేండ్లు దాని మీదనే పడుంటి. ఇంట్లో అన్నానికి పిలిస్తే "ఈ ఒక్క క్రాష్ చూసి వస్తా" అనేవాణ్ణి. మా ఆవిడ పిలిచేది కూడా మానుకునింది.

దాన్ని మొదట వాడింది కర్నూల్లో ఉండే నా స్నేహితుడు. బండలు కొలిచి రాసుకునేదానికి ఆయప్ప ఒక యాప్ చేసినాడు. కడప బయట రాయికి పాలిష్ పట్టే యూనిట్ యజమాని ఒకాయన ఆ యాప్ తీసుకున్యాడు. ఆ యూనిట్లో కొలతలు తీసేది ఒక ఆమె. ఏండ్ల తరబడి బండలు మోసి నడుము చెడిపోతే, నాలుగక్షరాలు వచ్చు గదా అని టేపు చేతికిచ్చినారు. ఆ టేపంటే ఆమెకు ప్రాణం.

ఒకరోజు స్నేహితుడు ఫోన్ చేసినాడు.

"ఏమప్పా, ఆ యూనిట్లో పొద్దున రాసిన కొలతలు మధ్యాన్నానికి మాయమైతాండాయంట. యాప్ దానంతట అదే మూసుకుంటాందని ఆమె చెప్తాంది. నీ దాంట్లో ఏమన్నా రిపోర్టు వచ్చిందా?"

తెరిచి చూస్తి. క్రాషులు: సున్నా.

"నా లైబ్రరీ అబద్ధం చెప్పదు. యాప్ పడిపోనే లేదు. ఆమెకు ఫోన్ వాడేది రాక ఏదో నొక్కుతాంటాది" అంటి. అనేసి నిమ్మళంగా టీ తాగితి.

ఆ మాట యజమాని దాకా పోయింది. ఆమె కొలవకుండానే కొలిచినానని చెప్తాందని ఆయన అనుకున్యాడు. సోమవారం నుంచి మళ్లా బండలు మోసే పనికి పొమ్మన్యాడంట. ఆమె నడుము సంగతి స్నేహితుడు నాకు అప్పుడు చెప్పినాడు. శనివారం పొద్దున్నే బండి తీసుకోని యూనిట్‌కు పోతి.

కోత మిషన్ల రొద, యాడ చూసినా రాతిదుమ్ము. ఆమె ఎండకు ఫోన్ కాగిపోకుండా తడిగుడ్డలో చుట్టి పెట్టుకునింది. నేనెవరో చెప్పేదానికి ముఖం చెల్లలేదు.

"అక్కా, నా ముందర ఒక బండ కొలుస్తావా?" అంటి.

ఆమె టేపు పరిచి, "రెండున్నర" అని తనలో తాను అనుకుంటా ఫోన్ తీసింది. రెండు నొక్కింది. తర్వాత ఒకటి అంకె మీద వేలు అట్లే పెట్టి ఉంచితే, పైన అర గుర్తు, ½, వచ్చింది. దాన్ని నొక్కింది. మేమంతా చుక్క పెట్టి 2.5 అని కొట్టేవాళ్లమే. ఈ అర గుర్తు కీబోర్డులో ఉండాదని నాకే తెలీదు. ఆమెకు వాళ్ల పాప నేర్పించిందంట.

యాప్ టప్పున మూసుకునింది.

"చూస్తివా నాయనా" అని, ఆమె ఏ గాబరా లేకుండా యాప్‌ను ఫోన్లోంచి పూర్తిగా తీసేసి, మళ్లా ఎక్కించబట్టింది.

"అట్ల ఎందుకు తీసేస్తాండావక్కా?"

"బస్టాండు కాడ ఫోన్ల అంగడాయప్ప చెప్పినాడు. ఏది నిలిచిపోయినా తీసేసి కొత్తగా ఏసుకోమని. ఈడ అందరం అట్లే చేస్తాం."

అప్పుడు నాకు తెలిసొచ్చింది. నా లైబ్రరీ రిపోర్టును ఆ ఫోన్లోనే దాచిపెట్టి, యాప్ మళ్లా తెరిచినప్పుడు పంపుతాది. ఈమె తెరవకముందే యాప్ తీసేస్తాంది. దాంతో పాటు నా రిపోర్టూ పోతాంది, పొద్దుటి కొలతలూ పోతాండాయి. మా అమ్మ కూడా అదే అంగడికి పోతాది, ఇదే పని చేస్తాది. కడపలో పుట్టి పెరిగినోణ్ణి, నాకా ఆలోచనే రాలేదు.

యజమానిని పిలిచి ఆమె ముందరే చెప్తి. "ఆమె కొలిచింది నిజం, యాప్ మూసుకునింది నిజం. అర గుర్తు యాప్‌కు తెలీదు. యాప్ తీసేస్తే ఏమైతాదో నేను ఆలోచించలేదు. తప్పు మాది."

ఆయన "సోమవారం కూడా నువ్వే కొలువమ్మా" అన్యాడు.

ఆమె టేపు చుట్టుకుంటా నా వైపు తిరిగింది. "అయితే యాప్ మూసుకోలేదని చెప్పింది నువ్వేనా? నన్నొక మాట అడిగింటే చెప్పేదాన్ని గదప్పా."

తప్పయిందక్కా అంటి. ఆమె నవ్వి, టీ తెప్పించింది.

ఇప్పుడు నా లైబ్రరీ, యాప్ పడిపోయిన ఆ క్షణంలోనే రిపోర్టు పంపేస్తాది. మళ్లా తెరిచేదాకా కాచుకోదు. దాన్ని పరీక్షించిన రోజు మొదటి బండ ఆమే కొలిచి, అర గుర్తు నొక్కింది. ఆమె ఫోన్ పక్కన పెట్టకముందే నా కంప్యూటర్లో రిపోర్టు వచ్చి కూచునింది. శానా సంతోషమేసింది. అర గుర్తు సంగతి నా స్నేహితుడు ఆ సాయంత్రానికి సరిచేసినాడు.

ఇంకో మార్పు కూడా చేసినా. రిపోర్టులు రాకుంటే ఇప్పుడు సున్నా కనపడదు. "ఇంతవరకు రిపోర్టు అందలేదు. వాడేవాళ్లను అడిగినారా?" అని వస్తాది.

"ఇదేందప్పా, నీ లైబ్రరీ మనల్నే ప్రశ్నలు అడుగుతాంది?" అని స్నేహితుడు ఫోన్ చేసి విసుక్కున్యాడు.

"అడగనీలే" అంటి.