నోటీసు లేని ఆట

వేడి బొగ్గు బూడిద మీద తొలి చినుకులు పడితే లేచే వాసన గురించి ఎవరూ పద్యాలు రాయలేదు. తగిన కారణమే ఉంది, అది తడిసిన కుంపటి వాసన. ఈ మధ్యాహ్నం బిలాస్‌పూర్ యార్డులో ఆ వాసన తగలగానే మాత్రం చేస్తున్న పని మరిచి నిలబడిపోయాను. మా ఫుట్‌బాల్ మైదానం ఇంజన్ల బూడిద పరిచి చదును చేసినదే. దాని మీద ఐదేళ్ళు నన్ను పడేసి లేపినవాడు సన్యాసయ్య మామ.

ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. మా నాన్నలాగే విజయనగరం వైపు నుంచి వచ్చినవాడు. చుట్టరికం లేదు, పక్క క్వార్టరు కాబట్టి మామ. ఆయన పరుగెత్తగా చూసినవాళ్ళు మా కాలనీలో ఎవరూ లేరు. అయినా షెడ్డు జట్టుకు ఆట నేర్పేది ఆయనే. నేను గోల్‌కీపర్ని. పదకొండు మందిలో తక్కువ పరుగెత్తేది ఎవరో వాకబు చేసి మరీ ఎంచుకున్న స్థానం అది.

మామ పద్ధతి ఒకటే, మాకు అలవాటైనదాన్ని చెప్పకుండా మార్చేయడం. ఆట మధ్యలో తొట్టెలో నానబెట్టిన తోలు బంతిని విసిరేవాడు. నేను అటు తిరిగి ఉండగా గోలుకు గుర్తుగా పెట్టిన ఇటుకలను రెండడుగులు ఎడంగా జరిపేవాడు.

“ఇదేటి మామా, అన్యాయం! ఒక మాట సెప్పొచ్చు కదా,” అన్నాను ఒకసారి, మూడో గోలు పడ్డాక.

“మేచ్‌లో అవతలోడు నీకు నోటీసు అంటిస్తాడేట్రా? కళ్ళున్నాయి కదా, సూడు.”

“బంతిని సూస్తన్నాను కదా!”

“అచ్ఛా! మరి ఇటుకల్ని మీ నాన్నొచ్చి సూస్తాడేటి?”

ఆ ఏడు వానాకాలం పోటీల సెమీఫైనల్లో నేను రెండుసార్లు అనవసరంగా ముందుకు ఉరికాను. రెండుసార్లూ బంతి నా నెత్తి మీదుగా గోల్లోకి వెళ్ళింది. మావాళ్ళు మూడు కొట్టి పరువు నిలిపారు. ఫైనల్లో కూడా ఇదే జరిగితే నా చోట వేరేవాణ్ణి పెడతామని తేల్చేశారు. నేను నవ్వేశాను. ఆ పూట అన్నం మాత్రం సగమే తిన్నాను. అమ్మ జ్వరమనుకుని మర్నాడు లంఖణం పెట్టింది.

ఫైనల్లో అవతలివాళ్ళవి బూట్లు, మావి ఉత్త కాళ్ళు. “గోలు గీత వదిలావంటే సూడు మరి!” అని మామ ఒకటే ఆజ్ఞ. సగం ఆట అయ్యేసరికి ఒక గోలు ఆధిక్యంలో ఉన్నాం. అప్పుడు వాన పట్టుకుంది. చివరి నిమిషాల్లో వాళ్ళ ఆటగాడొకడు మావాళ్ళందరినీ దాటి, బంతిని ముందుకు తన్నుకుంటూ ఒంటరిగా నా మీదికి వచ్చాడు.

“ఉండు! గీత మీదుండు!” పక్కనుంచి మామ అరుపు.

రైల్వే ఇంట్లో పుట్టినవాడికి ఆజ్ఞ అంటే ఆజ్ఞే. కానీ అతని దారిలో ఒక గుంట, దాని నిండా నీళ్ళు. అందులో పడితే బంతి ఆగుతుంది, అతను ఆగడు. ఉరికాను. అలాగే జరిగింది. అతను బంతిని దాటిపోయాడు, నేను దాని మీద పడ్డాను. దాన్ని సాహసమన్నారు తర్వాత. నిజానికి కాలు జారింది.

గెలిచాం. నన్ను భుజాలకెత్తి, బురదకి పట్టు జారి కింద పడేశారు. మామ వచ్చి నిలబడ్డాడు.

“నానేటన్నాను?”

“గీత మీదుండమన్నావు.”

“మరెందుకెల్లావు?”

“గుంటలో నీళ్ళున్నాయి మామా. బంతి ఆగిపోద్దనిపించింది.”

మామ తానింతసేపూ నిలబడిన చోటికి నడిచి వెళ్ళి, అక్కణ్ణుంచి గోలు వైపు తేరిపార చూసి, తిరిగొచ్చాడు.

“అక్కణ్ణుంచి ఆ నీళ్ళు కనపడవురా. ఇక మీద నానెంత అరిసినా నీకు కనపడిందే సెయ్యి. తప్పయితే తిడతాను, అది వేరే సంగతి.”

ఆ తర్వాత నేను చాలాసార్లు తప్పాను. ఆయన మాట తప్పకుండా తిట్టాడు. గోలు దగ్గర్నుంచి మాత్రం నన్ను కదపలేదు.

పోయిన ఏడు మామ రిటైరై ఊరెళ్ళిపోయాడు. ఇప్పుడు యార్డులో వ్యాగన్లు కలిపే పనికి నా కింద నలుగురున్నారు. ఇంజన్ను వెనక్కి రమ్మనే ముందు, ఆ చివర నిలబడినవాణ్ణి కేకేసి అడుగుతాను, “నీకక్కణ్ణుంచి ఏటి కనపడతంది?”

“పొగ బాబూ,” అంటాడు చాలాసార్లు.

అయితే ఆగుదాం అంటాను.