సీలింగ్ గుడ్డ దించిన మా వదినె

మా వదినె పోయింది. నిన్నటికి పదకొండు దినాలు. పొద్దున చాయ తాగి, గడప కాడ కూసొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పక్కకు ఒరిగిందట. ఆమె కొడుకు ఫోన్ చేసి, "బాబాయ్, అమ్మ లేదు" అన్నడు. నేను "అవ్" అన్న. ఎందుకట్ల అన్ననో తెల్వదు. ఫోన్ పెట్టేసినంక గాని ఆ మాట నాకు ఎక్కలేదు.

నిన్న దినం కాడ భోజనాలైనంక తలా రెండు మాటలు చెప్పిన్రు. నన్నూ లేపిన్రు. "ఆమె కుట్టిన కుట్టు పిగలదు" అని కూసున్న. అది చాలదని నాకే తెలుసు. ఊరి బడిలో అయిదు దాకా చదివినోణ్ణి, రాసే అలవాటు లేదు. అయినా కారు లోపలి పైగుడ్డ సంగతి ఆమెకు, మా అన్నకు, నాకు తప్ప ఎవరికీ పూర్తిగా తెల్వదు. అన్న పోయి ఆరేండ్లాయె. ఇప్పుడు ఆమె. అందుకని నేనే రాస్తున్న.

మాది ఏన్కూరు దాటి, అడివి మొదలయ్యే కాడ ఊరు. వదినె కాపురానికి వచ్చేటప్పుడు కాలితో తొక్కే కుట్టుమిషను వెంట తెచ్చుకున్నది. చుట్టుపక్కల గూడేల నుంచి కూడా ఆడోళ్ళు రవికలకు ఆమె దగ్గరికే వచ్చేటోళ్ళు. ఆమె టేపు పెట్టేది కాదు. "పాతది తే" అనేది. పాత రవిక కుట్లన్నీ బ్లేడుతో ఓపికగా విప్పి, ముక్కలు చాప మీద పరిచి, వాటి ప్రకారం కొత్తది కోసేది. "ఏండ్లకేండ్లు ఒంటి మీదున్న గుడ్డకు తెలిసినంత టేపుకేం తెలుస్తది" అనేది. కుట్టు బాగలేకపోతే ఎవరూ అడగకముందే తానే విప్పేది. మూడుసార్లు విప్పిన రవికలు నేను చూసిన. "విప్పుడు రానోనికి కుట్టుడు రాదు" అన్నది ఆమె మాట.

కోపమొస్తే నోరు చేసుకునేది కాదు. మిషను జల్దీ తొక్కేది. వాకిట్లకు వచ్చేటప్పుడే ఆ చప్పుడు విని మా అన్న, "ఇయ్యాల ఎవరి మీదరా?" అని నన్ను అడిగేటోడు.

అన్న కొత్తగూడెంలో బొగ్గుబాయి పనిలో ఉండి, పదిహేను రోజులకోసారి ఆదివారం ఇంటికి వచ్చేటోడు. ఎనభైల్లో అనుకుంట, తాను కూడబెట్టుకున్నదంతా పెట్టి ఒక పాత అంబాసిడర్ కారు కొన్నడు. నడిపేది నేను. అంతకు ముందు లారీ మీద క్లీనరుగా చేసిన, తునికాకు కల్లంలో కాపలా ఉన్న, ఏదీ నిలవలేదు. ఆ యేడు నా భార్య కాన్పుకని పుట్టింటికి పోయింది. ఆ కారు లేకపోతే నాకు ఇంకో పని లేదు. తాళం చేతిల పెడుతూ అన్న ఒక్కటే మాట చెప్పిండు: "స్టీరింగ్ నీది, బండి నాది. నన్ను అడగకుంట బండికి ఏమన్న చేసినవో, తాళం ఇచ్చి పో."

నేను అడగకుంట చేసిన. మిర్చి కాలంలో బస్తాలు వేసుకోను పైన క్యారేజీ పెట్టించుకున్న. ఎక్కడ పట్టించినా జారుతున్నది. కిరాయిలు పోతయ్యని బర్మా తెచ్చి కారు నెత్తిన నాలుగు బొక్కలు పెట్టి బోల్టులు బిగించిన. కాలం అయిపోయినంక క్యారేజీ తీసేసిన. బొక్కలు మిగిలినయ్. పెట్రోలు ట్యాంకు కారితే డ్రైవర్లం బట్టల సబ్బు రుద్ది ఆపుతం. అదే తెలివితో నాలుగు బొక్కల్లో సబ్బు కుక్కి, పైన నల్లరంగు పూసిన.

వానలు పడ్డయ్. మూడు రోజులు పడ్డయ్. కారు లోపల తల మీద పరిచిన గుడ్డ ఉంటది, దాన్ని మేము సీలింగ్ అంటం. అది నీళ్ళు తాగి మేక పొదుగు లెక్క కిందికి దిగింది. ముక్కిన గోనెసంచి వాసన. ఒక పంతులు గారిని భద్రాచలం తీసుకపోతుంటే ఆయన తెల్లచొక్కా మీద బెల్లంపాకం రంగు చుక్కలు పడ్డయ్. "ఏందిరా, వాన బయటనా లోపలనా?" అన్నడు ఆయన. ఆ చుక్కలే కండ్ల ముందు తిరుగుతుంటే ఇల్లు చేరిన. అది గురువారం. ఆదివారం అన్న వస్తడు.

వదినె కారు కాడికి వచ్చి తల లోపల పెట్టి చూసింది.

"ఏమైంది మరిదీ?"

"తుప్పు పట్టింది వదినె. అద్దం రబ్బరు కాడి నుంచి నీళ్ళు దిగుతున్నయ్."

"ఎవరు మారుస్తరు దీన్ని?"

"ఖమ్మంల సీట్లు కుట్టేటోళ్ళు. వారం పడ్తదంటున్నరు."

"గుడ్డే గదా. నేనెందుకున్న మరి?" అని కొంగు దోపింది.

నేను ఒక మూల పట్టుకొని గుంజిన. చర్రున చిరిగింది. చేతి మీద ఒక్కటేసింది ఆమె. "చింపకు! అదే మనకు కొలత. అది చినిగితే దేన్ని చూసి కోస్త? నీ మొఖం చూసా?"

మొదలు పైన ఉన్న దీపం తీయించింది. అద్దం, ఎండకు దించుకునే రెండు అట్టలు తీయించింది. తలుపుల చుట్టూ ఉన్న పట్టీ మెల్లగ వదులు చేసినం. కింద సన్నమేకులు. ఒక్కొక్కటి పట్టకారుతో తీసి డబ్బాలో వేసిన. బంక అంటుకున్న కాడ ఆమె చెంచా తోక దూర్చి, అంగుళం అంగుళం ఊడదీసింది. కొంత ఊడినంక గుడ్డ వెనక అడ్డంగ వంగిన ఇనుప కడ్డీలు కనబడ్డయ్. అయిదున్నయ్. ఒక్కోటి ఒక్కో మడతలో దూర్చి ఉన్నది. ఆ మడత చూసి వదినె నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఓయమ్మ, ఇది లంగ నాడపట్టే గదా! మీ అన్న కారుకు అయిదు నాడల లంగ కట్టిన్రు."

కడ్డీల వంపు ఏ రెండింటిదీ ఒక్క తీరు కాదు. అవి కలిసిపోకుంట ఎడమ చివర ఎర్రదారం, కుడి చివర నల్లదారం కట్టింది. ముందు కడ్డీకి ఒక ముడి, దాని వెనక దానికి రెండు, అట్ల అయిదు దాకా. నేను కడ్డీలు సడలిస్తుంటే, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద ఆ కుళ్ళిన గుడ్డను ఎత్తి, చిరగకుంట దించింది. కండ్లల్ల, నోట్ల దుమ్ము. దగ్గు ఆగలేదు. గుడ్డ వెనక పరిచిన జనుము నారను పిడికెండ్లతో లాగి బయట పారేసినం.

ఆఖరి పిడికెడు తీయంగనే కారు లోపలికి ఎండ దిగింది. వెనక సీటు మీద నాలుగు గుండ్రని ఎండ చుక్కలు.

వదినె వాటిని చూసింది. తల ఎత్తి పైకి చూసింది. ఒక బొక్కలో చిటికెనవేలు పెట్టి తిప్పి, వేలు ముక్కు కాడ పెట్టుకున్నది.

"తుప్పు ఇంత గుండ్రంగ తింటదా? సబ్బు వాసన ఏంది?"

నేను తల వంచుకొని చెప్పిన. బర్మా, బోల్టులు, సబ్బు, అన్నీ.

"సబ్బు నీళ్ళల్ల కరగదనుకున్నవా?"

"పెట్రోల్ల కరగదు వదినె."

"మొగులు పెట్రోలు కురుస్తదా మరిదీ?"

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. "అన్నకు చెప్పకు వదినె. గుడ్డ ఏసేస్తే కనబడదు. కింద రేకు ముక్క అంటిస్త" అన్న.

ఆమె సీటు మీది దుమ్ము దులిపి కూసున్నది. "నేను గుడ్డ కుడ్త. అబద్ధం కుట్ట."

"తాళం గుంజుకుంటడు."

"గుంజుకుంటడు."

కాదంటదనుకున్న. అనలేదు. "నువ్వన్న చెప్పు. నీ మాట వింటడు" అన్న.

"నా మాట ఎట్లనన్న వింటడు. నీ మాట ఎన్నడు వింటడు? నువ్వు చెప్తే గద!"

శుక్రవారం, శనివారం మిషను ఆగలేదు. చప్పుడు మాత్రం నిదానంగనే ఉన్నది, కోపం లేదు. పాత గుడ్డను నీడకు ఆరబెట్టి, కుట్లు విప్పి, ముక్కలు వాకిలంతా పరిచింది. బడి పిల్లల అంగీలకు తెచ్చిన నీలం గుడ్డ తానులో మిగిలి ఉంటే, దాన్ని ఆ ముక్కల మీద పెట్టి కోసింది. నేను చింపిన మూల కాడ పక్క మూలను తిరగేసి కొలత తీసుకున్నది. శనివారం సాయంత్రానికి కొత్త సీలింగ్ తయారు. మడత పెట్టి మిషను మీద పెట్టింది. "ఎక్కిద్దమా?" అన్న. "రేపు. నువ్వు చెప్పినంక" అన్నది.

అన్న వచ్చేసరికి కారు వాకిట్లనే ఉన్నది, నెత్తి లోపల ఉత్త రేకు. "ఏమైందిరా?" అన్నడు. వదినె నీళ్ళచెంబు పట్టుకొని నిలబడ్డది. నా దిక్కు చూడలేదు. చూస్తే చెప్పకపోదునేమో.

"తుప్పు కాదన్నా. నేనే బొక్కలు పెట్టిన. నిన్ను అడగలే. సబ్బు కుక్కిన, కరిగిపోయింది."

అన్న లోపలికి వంగి నాలుగు బొక్కలు చూసిండు. చాలాసేపు అటే తిరిగి ఉన్నడు. తరువాత చెయ్యి చాపిండు. తాళం పెట్టిన. తాళం జేబులో వేసుకొని, కాళ్ళు కడుక్కొని అన్నం తిన్నడు. సాయంత్రం బస్సుకు తాళంతోనే పోయిండు.

ఆ వారం నేను వదినె మిషను పక్కన కూసొని గుండీలు కుట్టిన. ఒక పొద్దు ఆమె అడిగింది: "చెప్పినంక ఎట్లున్నది?"

"తాళం పోయింది గద వదినె."

"నిద్ర?"

"వస్తున్నది."

"మరి గంతే" అని మిషను తొక్కింది. కొంతసేపటికి తానే అన్నది: "ఆనాడు మీ అన్న అటు తిరిగింది కోపానికి కాదు. సబ్బు మాటకు నవ్వొచ్చి." నన్ను ఊరడించను అన్నదో, నిజమో, ఇప్పటికీ తెల్వదు. అన్నను నేనెప్పుడూ అడగలేదు.

పదిహేను రోజులు కాకముందే, ఆ మరుసటి ఆదివారమే అన్న వచ్చిండు. వెంట ఒక వెల్డింగు మనిషి. నాలుగు బొక్కలకు రేకు బిళ్ళలు అతికించి, గీరి, రంగు వేయించిండు. "నీకు చెప్పను నోరుందని నాకు తెల్వదురా" అన్నడు. తాళం ఇచ్చిండు.

మధ్యాహ్నం ముగ్గురం కలిసి కొత్త గుడ్డ ఎక్కించినం. దారం ముడులు చూసుకుంట అన్న కడ్డీలు అందించిండు. మూడు ముడుల దాన్ని రెండు ముడుల కాడ ఇస్తే వదినె, "బాయిల లెక్కలు గిట్లనే చేస్తవా?" అన్నది. అన్న దాన్ని వెనక్కి తీసుకొని రెండు ముడులది అందించిండు.

తరువాత చాలా ఏండ్లు ఆ కారు నడిపిన. "బడి పోరగాళ్ళ అంగీ తొడిగినవేందిరా కారుకు?" అని ఎక్కినోళ్ళు నవ్వేటోళ్ళు. ఎక్కడన్న గీటు పడితే, టైరు పాడైతే, నేనే ముందు పోయి అన్నకు చెప్పేటోణ్ణి. చెప్పినంత సేపే భయం. ఆ తరువాత ఉండదు. ఇది నాకు బడిలో చెప్పలేదు. వదినె కూడా పాఠం లెక్క చెప్పలేదు.

గుడ్డ ఎక్కించిన సాయంత్రం అన్న, "నడుపు, చూద్దం" అని ముందు సీటులో కూసున్నడు. వదినె వెనక కూసున్నది. కారు కొన్న కాడి నుంచి నడిచే కారుల ఆమె కూసునుడు అదే మొదలు. జూలూరుపాడు దాటి అడివిలోకి పోయినంక వాన అందుకున్నది. నెత్తి మీద రేకు దడదడలాడుతున్నది. అన్న రోడ్డు చూస్తలేడు, పైకే చూస్తున్నడు. నేను అద్దంలో చూసిన. వెనక వదినె చెయ్యి ఎత్తి, నీలం గుడ్డకు అరచెయ్యి ఆనించి పట్టుకున్నది. చాలాసేపు అట్లనే పట్టుకున్నది. తరువాత చెయ్యి దించి, నాకు కనబడేటట్టు అద్దం దిక్కు తిప్పింది. అరచెయ్యి పొడిగ ఉన్నది.